రేడియో రిపేరు షాపు లియో

మన కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్ వాళ్లు స్టేజీ ఎక్కితే అందరి చూపూ గిటార్ పట్టుకున్నవాడి మీదే ఉంటుంది. వాడి వెనకాల నేల మీదున్న పెట్టెని ఎవరూ పట్టించుకోరు. గిటార్ వైరు పోయేది ఆ పెట్టెలోకే, మన చెవిన పడేది ఆ పెట్టెలోంచే. ప్రపంచంలో అలాంటి పెట్టెలకి బాగా పేరు తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి లియో ఫెండర్. ఆయన ఇంజినీరింగ్ చదవలేదు. గిటార్ వాయించడం చివరిదాకా నేర్చుకోలేదు. గిటార్‌ని శ్రుతి చేయడం కూడా సరిగ్గా రాదని దగ్గర పనిచేసినవాళ్లు చెప్పేవాళ్లు. బాగా వచ్చిన పని ఒకటే, పాడైన రేడియోని విప్పి బాగుచేసి ఇవ్వడం. ఆ పనిలోంచి ఇంత పెద్ద కథ ఎలా వచ్చిందో చెప్పాలని ఈ సంచికకి ఆయన జీవితం రాస్తున్నాను. మధ్యలో మా ఎమ్మిగనూరు రేడియో కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

నారింజ తోటల ఊరు

పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాడు. ఆనహైమ్, ఫుల్లర్టన్ అనే పక్కపక్క ఊళ్ల దగ్గర అమ్మానాన్నలకి నారింజ తోటలు ఉండేవి. ఆదోని చుట్టూ మనకి పత్తి ఎలాగో, అప్పట్లో అక్కడ నారింజ అలాగ. ఎనిమిదేళ్లప్పుడు గడ్డ లేచి ఎడమ కన్ను తీసేయాల్సి వచ్చింది. అక్కడ గాజు కన్ను పెట్టారు. సన్నని వైర్లు, అంతకన్నా సన్నని టంకాలతో ఆయన జీవితాంతం చేసిన పనంతా ఒక్క కంటితో చేసిందే.

చిన్నప్పుడు పియానో కొన్నాళ్లు, శాక్సోఫోన్ కొన్నాళ్లు నేర్చుకున్నాడు. రెండూ నిలవలేదు. పద్నాలుగేళ్ల వయసులో వాళ్ల చిన్నాన్న వరసాయన ఒక పెట్టె నిండా పాత రేడియో సామాను, ఒక బ్యాటరీ పంపించాడు. ఆయనకి శాంటా మరియా అనే ఊళ్లో కార్ల కరెంటు పనులు చేసే షాపు ఉండేది. ఆ షాపుకి పోయినప్పుడు, విడిభాగాలు ఏరి చిన్నాన్న కట్టిన రేడియో ఒకటి ముందు భాగంలో పెట్టి ఉంది. దాని స్పీకర్లోంచి పాట గట్టిగా వస్తోంది. ఆ గట్టి పాట లియో మనసులో పడిపోయింది. ఇంటికొచ్చాక ఒక మూల చిన్న షాపులా పెట్టుకుని తెలిసినవాళ్ల రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు.

1928లో హైస్కూలు అయ్యాక ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో చేరాడు. ఎలక్ట్రానిక్స్ అనుకుంటారేమో, కాదు, అకౌంట్స్. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క క్లాసు కూడా ఎవరి దగ్గరా వినలేదు. విప్పి చూసి, చదువుకుని, మళ్లీ బిగించి నేర్చుకున్నదే. చదువయ్యాక ఆనహైమ్‌లో ఒక ఐసు కంపెనీలో సరుకు చేరవేసే పని చేశాడు, తర్వాత అక్కడే లెక్కలు రాశాడు. ఆ రోజుల్లోనే ఒక బ్యాండ్ నాయకుడు హాలీవుడ్‌లో డ్యాన్సు కార్యక్రమాల కోసం మైకు సెట్లు కావాలని అడిగితే ఆరు కట్టి ఇచ్చాడు. సంగీతం వాళ్లతో లావాదేవీ అక్కడ మొదలైంది.

1934లో ఎస్తర్‌ని పెళ్లి చేసుకున్నాడు. కాలిఫోర్నియా రోడ్ల శాఖలో అకౌంటెంట్ ఉద్యోగం దొరికింది. ఆర్థిక మాంద్యం రోజులు కదా, ఆ ఉద్యోగం ఊడింది. తర్వాత టైర్ల కంపెనీలో లెక్కల పని, అదీ ఆరు నెలల్లో పోయింది. ఇంక ఎవరి దగ్గరా పని వెతకలేదు. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌కి తిరిగొచ్చి ఫెండర్ రేడియో సర్వీస్ అని బోర్డు కట్టాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, రెండు ఉద్యోగాలు పోయిన మనిషి. ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఉన్న మనం ఈ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగినా తప్పులేదు.

రేడియోలో సగం యాంప్లిఫయరే

ఆ షాపుకి రేడియోలతో పాటు మైకు సెట్లు, రికార్డు ప్లేయర్లు, గిటార్ వాళ్ల యాంప్లిఫయర్లు కూడా రిపేరుకి వచ్చేవి. లియో ఈ రెండు రకాల వస్తువుల్నీ ఒకే టేబుల్ మీద విప్పేవాడు. ఆయనకి ఏం కనబడి ఉంటుందో నాకు ఎమ్మిగనూరులో మా తాత రేడియో వల్ల అర్థమైంది.

మా తాత నేతపని చేసేవాడు. మగ్గం గుంట పక్కన చెక్క పెట్టె వాల్వు రేడియో ఉండేది. ఆన్ చేస్తే వెంటనే పలకదు. వాల్వులు వేడెక్కాలి, ముందున్న పచ్చ కన్ను మెల్లగా వెలగాలి, అప్పుడు గొంతు వస్తుంది. కడప స్టేషనూ, రాత్రయితే ధార్వాడ కన్నడ స్టేషనూ దాంట్లోనే వినేవాడు. తాత పోయాక అది అటక ఎక్కింది. నా దగ్గర గిటార్ ఉంది, యాంప్లిఫయర్ కొనే డబ్బు లేదు. వాల్వు రేడియోని గిటార్ యాంప్‌గా మార్చొచ్చని ఎక్కడో చదివి, దాన్ని గుడ్డలో చుట్టి బస్సులో ఆదోనికి తెచ్చాను. మార్కెట్ దగ్గర ఒక సందులో పాత రేడియోలు చూసే చాచా ఉన్నాడు. ఆయన వెనక అట్ట తీసి, దుమ్ము ఊది, వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే చెప్పాడు.

వరసగా ఐదు వాల్వులు. మొదటిది ఇసిహెచ్81, ఏరియల్ నుంచి వచ్చే స్టేషన్‌ని పట్టి వేరే ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది. రెండోది ఇఎఫ్89, దాన్ని పెంచుతుంది. మూడోది ఇబిసి81, ఇందులో పని రెండుగా ఉంది. దీనిలోని డయోడ్ రేడియో తరంగంలోంచి మాటనీ పాటనీ విడదీస్తుంది, ట్రయోడ్ ఆ పాటని మొదటిసారి పెంచుతుంది. నాలుగోది ఇఎల్84, స్పీకర్‌ని కదిలించే బలం దీనిదే. ఐదోది ఇజెడ్80, ఏసీ కరెంటుని డీసీ చేస్తుంది. అంటే మూడో వాల్వు నడిమిలో ఒక గీత గీస్తే, గీతకి అటు రేడియో, ఇటు యాంప్లిఫయర్. ఇటువైపుకి ఆ పాట ఢిల్లీ నుంచి వచ్చిందా, పక్కనున్న గిటార్ తీగ మీద నుంచి వచ్చిందా అన్నది పట్టదు. ఇఎల్84 అంటే ఏదో పాత సామాను అనుకోవద్దు. బీటిల్స్ వాడిన వాక్స్ ఏసీ30 యాంప్‌లో ఉన్నవి ఇవే, నాలుగు.

అమెరికా రేడియోల్లోనూ సంగతి ఇదే. వాళ్ల 6ఏవి6 వాల్వులోని ట్రయోడ్, గిటార్ యాంపుల్లో ఇప్పటికీ వాడే 12ఏఎక్స్7లో ఒక సగం, రెండూ ఒకటే తీరు. రేడియోలోని 6ఏక్యు5, ఫెండర్ చిన్న యాంపుల్లోని 6వి6, రెండిటికీ తేడా చాలావరకు గాజు బుడ్డి సైజులోనే. లియో దేన్నీ శూన్యంలోంచి పుట్టించలేదు. వాల్వులు తయారుచేసే కంపెనీలే తమ పుస్తకాల్లో నమూనా సర్క్యూట్లు అచ్చువేసేవి. ఆయన తొలి యాంపులు ఆ సర్క్యూట్లకి దగ్గరి చుట్టాలు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ పేటెంట్ల కింద లైసెన్సు ఉందని పెట్టె లోపల కాగితం అంటించి మరీ అమ్మేవారు. అందరి ముందూ ఉన్న సర్క్యూటే అది. దాన్ని గిటార్ వాడి చేతికి ఎలా ఇవ్వాలో తెలియడమే ఆయన గొప్ప.

షాపు నుంచి ఫ్యాక్టరీకి

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు కన్ను కారణంగా లియోని సైన్యంలోకి తీసుకోలేదు. ఆ రోజుల్లోనే డాక్ కాఫ్‌మన్ అనే ఆయన పరిచయమయ్యాడు. ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయన్ గిటార్ ఆయన వాయిద్యం. రికెన్‌బ్యాకర్ కంపెనీలో పనిచేసిన అనుభవం కూడా ఉంది. ఇద్దరూ కలిసి కె అండ్ ఎఫ్ అనే పేరుతో 1945లో ఒళ్లో గిటార్లు, వాటికి జతగా చిన్న యాంపులు చేసి అమ్మారు. వ్యాపారం పెంచాలంటే అప్పు చేయాలి. కాఫ్‌మన్ అప్పుకి భయపడి 1946లో పక్కకి తప్పుకున్నాడు. లియో అదే ఏడు సొంత పేరుతో కంపెనీ పెట్టాడు.

తర్వాతి ఇరవై ఏళ్లలో జరిగింది తల్చుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1950లో బోలు లేని చెక్క పలకతో గిటార్ తెచ్చాడు. దానికి పెట్టిన బ్రాడ్‌కాస్టర్ అన్న పేరు మరో కంపెనీ డ్రమ్ముల పేరుకి దగ్గరగా ఉందని అభ్యంతరం వస్తే, 1951లో టెలికాస్టర్ అని మార్చాడు. అదే ఏడు ప్రెసిషన్ బేస్ వచ్చింది. అంతకుముందు బేస్ వాయించేవాళ్లు మనిషెత్తు డబుల్ బేస్ మోసుకు తిరిగేవాళ్లు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. మన సినిమా పోస్టర్లలో హీరో మెడలో కనిపించే గిటార్ ఆకారం చాలాసార్లు దాన్ని చూసి గీసిందే.

విప్పితే అర్థమయ్యేలా

ఈ వస్తువులన్నిట్లో ఒకే చెయ్యి కనిపిస్తుంది, అది రిపేరు చేసేవాడి చెయ్యి. టెలికాస్టర్ మెడని జిగురుతో అంటించలేదు, నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడ వంకర పోతే ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. యాంప్ వెనక పలక నాలుగు స్క్రూలు తీస్తే వచ్చేస్తుంది. లోపల రెసిస్టర్లు, కండెన్సర్లు ఒకే అట్ట మీద దండలో పూసల్లా వరసగా ఉంటాయి. ఏ వాల్వు ఎక్కడుండాలో పెట్టె లోపల కాగితం మీద ఉంటుంది. రోజుకో ఊళ్లో కచేరీ చేసే బ్యాండ్‌కి యాంప్ పాడైతే, ఆ ఊరి రేడియో మెకానిక్ బాగుచేయగలగాలి. ఆయన దగ్గర వాల్వు దొరకాలి, విప్పితే అర్థం కావాలి. ఎన్నో రేడియోలు విప్పి, లోపల పెనవేసుకున్న వైర్ల మధ్య వేళ్లు కాల్చుకున్నవాడికే ఈ ఆలోచన వస్తుందని నా నమ్మకం.

ఇంకో అలవాటు వినడం. వాయించడం రాదు కాబట్టి వాయించేవాళ్ల మాట మీదే ఆధారపడ్డాడు. కొత్త నమూనా చేసి క్లబ్బుల్లో వాయించేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. వాళ్లు తిరిగొచ్చి అంచు పక్కటెముకకి గుచ్చుకుంటోందనో, సౌండు చాలట్లేదనో చెబితే మార్చి మళ్లీ ఇచ్చేవాడు. స్ట్రాటోకాస్టర్ అంచులు ఒంటికి ఒదిగేలా వంపు తిరిగింది అలాంటి ఫిర్యాదుల వల్లే. డిక్ డేల్ అనే కుర్రాడు గట్టిగా వాయించి ఇచ్చిన యాంపులూ స్పీకర్లూ మాడ్చేస్తుంటే, లియో కోప్పడలేదు. మాడని పెద్ద ట్రాన్స్‌ఫార్మరూ, పదిహేను అంగుళాల స్పీకరూ పెట్టి షోమన్ యాంప్ చేశాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన చెవి ఒకటి కోరితే లోకం ఇంకోటి కోరింది. వాల్వుని దాని శక్తికి మించి తోస్తే సౌండు చిట్లుతుంది, గరగరమంటుంది. రేడియో రిపేరు చేసేవాడికి అది రోగ లక్షణం. లియో ఏళ్ల తరబడి యాంపుల్ని మార్చుకుంటూ పోయింది ఆ గరగర లేకుండా స్వచ్ఛంగా, గట్టిగా పలకాలనే. వాయించేవాళ్లు మాత్రం వాల్యూమ్ చివరిదాకా తిప్పి ఆ గరగరనే పాట చేసుకున్నారు. 1952లో బేస్ గిటార్ కోసం చేసిన బాస్‌మన్ యాంప్‌ని మామూలు గిటార్ వాళ్లు ఎగబడి కొన్నారు. లండన్‌లో డ్రమ్ముల షాపు నడిపే జిమ్ మార్షల్, 1962లో ఆ బాస్‌మన్‌ని ముందు పెట్టుకునే తన మొదటి యాంప్ చేయించాడు. రాక్ సంగీతం సగం ఆ మార్షల్ పెట్టెల్లోంచే వచ్చింది.

అమ్మకం, ఆ తర్వాత

1950ల నుంచి లియోని సైనస్ ఇన్ఫెక్షన్ పట్టి పీడించింది. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. ఇంక ఎక్కువ కాలం బతకనని నమ్మి కంపెనీని అమ్మకానికి పెట్టాడు. 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ దాన్ని 1 కోటి 30 లక్షల డాలర్లకి కొనుక్కుంది. 600 డాలర్ల అప్పుతో మొదలైన షాపుకి 27 ఏళ్లలో వచ్చిన ధర అది. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత ఇంకో డాక్టరు దగ్గర ఆ జబ్బు నయమైపోయింది. మనిషి బాగున్నాడు, చేతిలో బోలెడు డబ్బుంది, తన పేరు మాత్రం ఇంకొకరి ఆస్తి అయిపోయింది. పోటీ వ్యాపారం పెట్టకూడదని ఒప్పందం కూడా ఉంది. 1969లో ఉడ్‌స్టాక్‌లో జిమీ హెండ్రిక్స్ స్ట్రాటోకాస్టర్‌తో లోకాన్ని ఊపేసే నాటికి ఆ కంపెనీ లియోది కాదు.

హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. 1970లలో మ్యూజిక్ మ్యాన్ కంపెనీలో, తర్వాత పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి పెట్టిన జి అండ్ ఎల్‌లో మళ్లీ టేబుల్ ముందు కూర్చున్నాడు. 1979లో ఎస్తర్ క్యాన్సర్‌తో చనిపోయింది. 1980లో ఫిలిస్‌ని పెళ్లి చేసుకున్నాడు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణుకుతున్నా పని మానలేదు. 1991 మార్చి 21న ఎనభై ఒకటో ఏట చనిపోయాడు. 1992లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. 2009లో గ్రామీ వాళ్లు సాంకేతిక విభాగంలో అవార్డు ఇచ్చారు. ఆయన టేబుల్‌ని జి అండ్ ఎల్ వాళ్లు ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నదున్నట్టు అలాగే ఉంచారు.

మన ఇళ్లలో ఉన్న రేడియోలు

ఇంతకీ మా తాత రేడియో ఏమైందని అడుగుతారు కదా. చాచా దాని ముందు నాకు రెండు దారులు చెప్పాడు. ఒకటి, ముందు సగం కోసేయడం. గ్యాంగ్ కండెన్సరు, కాయిళ్లు పీకేసి, ఇఎఫ్89ని గిటార్‌కి మొదటి యాంప్లిఫయర్‌గా మార్చుకోవచ్చు. సౌండు బాగా వస్తుంది. రేడియో మాత్రం ఇంక ఎప్పటికీ పలకదు. రెండోది, దేన్నీ కోయకపోవడం. చాలా పాత సెట్లకి వెనక గ్రామఫోను పికప్ కోసం రెండు రంధ్రాలు ఉంటాయి, మా దానికీ ఉన్నాయి. అక్కడ పెట్టిన సౌండు నేరుగా వాల్యూమ్ దగ్గరికి పోతుంది. చిక్కల్లా ఏంటంటే, ఆ కాలపు గ్రామఫోను పికప్ అర వోల్టు పైనే ఇచ్చేది, గిటార్ ఇచ్చేది అందులో కొంతే. మధ్యలో పెంచేది ఒకటి కావాలి.

ఇంటికి ఫోన్ చేసి అవ్వని అడిగాను. అది పలుకుతుంది కదా నాయనా, పలికేదాన్ని ఎందుకు కోస్తావు అంది. నా దగ్గర జవాబు లేదు. రెండో దారి పట్టాం. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే, ఒక్క ఎఫ్ఈటీ ఉన్న చిన్న బూస్టరు నేను కట్టాను. గిటార్ పికప్‌కి ఎదురుగా ఒక మెగోమ్ దాకా ఉండాలి, లేకపోతే తీగ మెరుపు చచ్చిపోతుంది. అందుకే ఎఫ్ఈటీ. చాచా లోపలి పాత కండెన్సర్లు మార్చాడు. ఇఎల్84 గ్రిడ్ దగ్గరి కప్లింగ్ కండెన్సరు లీకైతే ఆ వాల్వు ప్లేటు ఎర్రగా కాలిపోతుంది కాబట్టి ముందు దాన్నే మార్చాలట. మూడు పిన్నుల వైరు వేసి ఛాసిస్‌ని ఎర్త్‌కి కలిపాడు. నాలుగైదు వాట్లకి మించదు, ఒక గదికి చాలు. వాల్యూమ్ ముప్పావు దాటగానే సౌండు గరగరమంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చాచా గబుక్కున వాల్యూమ్ తగ్గించేసి, తప్పు ఎక్కడుందా అని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అచ్చం లియోనే.

మీ ఇంట్లోనూ వాల్వు రేడియో ఉండి ఇలా చేద్దామనుకుంటే, ఆగి ముందు వాల్వుల పేర్లు చదవండి. యుసిహెచ్, యుఎల్, యువై అని 'యు'తో మొదలైతే అది ఏసీ డీసీ సెట్టు. దాంట్లో మెయిన్స్‌ని వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఇంటి కరెంటు నేరుగా ఛాసిస్ మీదే ఉండొచ్చు. దానికి గిటార్ తగిలిస్తే తీగలన్నీ కరెంటు తీగలే, ప్రాణం పోతుంది. దాని జోలికి పోవద్దు. డీకే, డీఎల్ అని ఉంటే కరెంటు లేని పల్లెల కోసం చేసిన బ్యాటరీ సెట్టు, గిటార్‌కి దాని బలం చాలదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టే అయినా, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో రెండు మూడొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్ ద్వారా దించి, మీటర్‌తో చూసుకుని అప్పుడే చెయ్యి పెట్టాలి. స్పీకర్ తీసేసి ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇవేవీ మన సిలబస్‌లో లేవు. మన మూడో సెమిస్టర్ పుస్తకం ట్రాన్సిస్టర్ దగ్గరే మొదలవుతుంది.

చాచాకి డెబ్భై దాటాయి. రేడియోలు వచ్చేది తక్కువ, ఇప్పుడు ఎక్కువగా మిక్సీలూ ఫ్యాన్లే చూస్తున్నాడు. ఆయన తర్వాత ఆ షాపు తీసేవాళ్లు లేరు. ఐదు వాల్వుల పని ఆయన నాకు అరగంటలో చెప్పాడు, చాయ్ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. ఆదోని, ఎమ్మిగనూరే కాదు, మీ ఊళ్లోనూ ఇంకా షట్టర్ ఎత్తుతున్న రేడియో మెకానిక్ ఒకరు ఉండే ఉంటారు. ఈ సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు ఆయన దగ్గర ఒక పూట కూర్చోండి. పోతూ నోట్‌బుక్ తీసుకెళ్లండి.